ఏడవడానికో రంధ్రం

మా రూమ్మేట్‌ది మెకానికల్, నాది సీఎస్‌ఈ. మన మ్యాగజైన్‌కి మోటార్‌సైకిల్ మీద రాస్తున్నా అన్నానో లేదో, "మా బ్రాంచి మీద పడ్డావేంటే, పైథాన్ గురించి రాసుకోరాదూ" అంది. రాసుకోవచ్చు. కానీ ఈ రెండు నెలల్లో నేను పైథాన్ కంటే ఎక్కువ చదివింది ఒక పాత హోండా సర్వీస్ మాన్యువల్. మిడ్ ఎగ్జామ్స్‌కి కూడా అంత శ్రద్ధగా చదవలేదు. అమ్మకి ఈ మ్యాగజైన్ లింక్ పంపను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

బండి పేరు హోండా జీఎల్ 500 సిల్వర్ వింగ్. 1981 మోడల్, అంటే నాకంటే పాతికేళ్లు పెద్దది. మన రోడ్ల మీద నేనెప్పుడూ చూడలేదు. చేత్తో ముట్టుకున్నదీ లేదు. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ దగ్గర మా చిన్న మామయ్య ఇంటి గరాజ్‌లో ఉంటుంది. నాకు దాంతో ఉన్న పరిచయమంతా వీడియో కాల్‌లోనే. అయినా ఇప్పుడు దాని వెనక కవర్ తీస్తే లోపల ఏది ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను.

ఇది టూరింగ్ బండి. మనవాళ్లు లడఖ్ వెళ్లేటప్పుడు బుల్లెట్‌కి డబ్బాలు కడతారే, అలా తరవాత తగిలించింది కాదు. పుట్టుకే దూరప్రయాణం కోసం. మామయ్యది ఇంటర్‌స్టేట్ అనే వెర్షన్: ముందు గాలిని చీల్చే పెద్ద ఫెయిరింగ్, పక్కల సామాను పెట్టెలు. వెనక సీటు తీసేసి దాని చోట చిన్న డబ్బా బిగించుకోవచ్చు. అత్తయ్య వస్తే సీటు, రాకపోతే డబ్బా. బరువు 200 కిలోలు దాటుతుంది. మామయ్య మూడేళ్ల క్రితం ఒక పెద్దాయన దగ్గర కొన్నాడు. ఎండాకాలం ఆదివారాలు దాని మీద తిరగడం తప్ప ఆయనకి వేరే సరదా లేదు.

ఇప్పుడు ఇంజిన్. ఈ ఇంజిన్ మొదట సీఎక్స్ 500 అనే బండిలో వచ్చింది, 1978 మోడల్. ట్విన్, అంటే రెండు సిలిండర్లు. మన ఎన్‌ఫీల్డ్ 650లో ఆ రెండూ పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఇందులో ఇంగ్లిష్ 'వి' అక్షరంలా, మధ్య 80 డిగ్రీల కోణంతో, ఒకటి కుడివైపుకి, ఒకటి ఎడమవైపుకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే ఎవరో రెండు చేతులూ పైకెత్తినట్టు ఉంటుంది. మొత్తం 497 సీసీ. బోరు 78 మిల్లీమీటర్లు, స్ట్రోకు 52. పిస్టన్ వెడల్పు ఎక్కువ, అది తిరిగే దూరం తక్కువ. అందుకే నిమిషానికి 9,650 చుట్ల దాకా తిప్పొచ్చు. ఆ చివరి అంచున కూడా పిస్టన్ సగటు వేగం ఎంతో లెక్కేశాను, సెకనుకి 16.7 మీటర్లు వచ్చింది. సీఎక్స్ 500కి హోండా చెప్పిన పవర్ 50 హార్స్‌పవర్. ఇవాళ్టి మన ఎన్‌ఫీల్డ్ 650 ఇచ్చేది 47. (ఎన్‌ఫీల్డ్ ఫ్యాన్స్ నన్ను క్యాంటీన్ దగ్గర ఆపకండి. అది గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఇంజిన్. దాని ధ్యాసంతా తక్కువ స్పీడులో లాగడం మీద. ఇది నీళ్లతో చల్లబడేది.)

నాకు బాగా నచ్చిన విషయం మోకాళ్ల కథ. సిలిండర్లు అలా పక్కలకి పెడితే, వాటి వెనక ఉండాల్సిన కార్బురేటర్లు సరిగ్గా నడిపేవాడి మోకాళ్లకి తగుల్తాయి. ఇంజిన్ ముందుకి జరపొచ్చు, కానీ బండి పొడుగవుతుంది. హోండా ఇంజినీర్లు ఏం చేశారంటే, సిలిండర్ హెడ్లని 22 డిగ్రీలు మెలితిప్పారు. దాంతో కార్బురేటర్లు లోపలికి, ట్యాంకు కిందికి వెళ్లిపోయాయి. బాగుంది. కానీ హెడ్ తిప్పాక, పైన క్యామ్ పెట్టి దానికి కింద నుంచి చెయిన్ వెయ్యడం తలనొప్పి అవుతుంది. సరే, క్యామ్‌ని పైన పెట్టడమే మానేశారు. 'వి' మధ్యలో ఒకటే క్యామ్‌షాఫ్ట్ పెట్టి, అక్కణ్ణుంచి పొట్టి పుష్‌రాడ్లతో వాల్వులు తెరిపించారు. ఒక్కో హెడ్‌లో నాలుగు వాల్వులు. పుష్‌రాడ్ అంటే అప్పటికే పాత టెక్నాలజీ కింద లెక్క. ఇక్కడ దాన్ని వాడింది చేతకాక కాదు, మనిషి మోకాలి కోసం. ప్రాజెక్ట్‌లో ఒక ఫంక్షన్ మారిస్తే ఇంకెక్కడో నాలుగు ఫైళ్లు మార్చాల్సి వచ్చి తిట్టుకుంటాం కదా. వీళ్లు తిట్టుకుంటూ చేశారో లేదో గానీ, చివరికి వచ్చింది మాత్రం శుభ్రమైన ఇంజిన్.

ఆ క్యామ్‌షాఫ్ట్ ఇంకో రెండు పనులు కూడా చేస్తుంది. ముందు కొసన రేడియేటర్ ఫ్యాన్‌ని తిప్పుతుంది. వెనక కొసన వాటర్ పంపుని తిప్పుతుంది. ఒకే ఇరుసు, మూడు ఉద్యోగాలు. ఒక క్లాసుకి ఒకే బాధ్యత ఉండాలని మనకి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో చెప్తారు, ఆ లెక్కన దీనికి మార్కులు రావు. కానీ పంపుకి వేరే గేరు అక్కర్లేదు, ఫ్యాన్‌కి వేరే మోటారు అక్కర్లేదు. పాడవడానికి ఉన్న వస్తువుల సంఖ్యే తగ్గిపోయింది.

క్రాంక్ బండి పొడుగునా ఉంటుంది కాబట్టి వెనక చక్రానికి చెయిన్ బదులు షాఫ్ట్ వేశారు. చెయిన్‌కి నూనె రాయడం, బిగించడం ఉండదు. దీనికో చిక్కుంది. క్రాంక్ పొడుగునా ఉన్న బండిని ఆపి ఉంచి యాక్సిలరేటర్ తిప్పితే, బండి మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. న్యూటన్ మూడో సూత్రం, ఇంటర్‌లో చదివిందే. దాన్ని తగ్గించడానికి క్లచ్‌నీ గేర్ షాఫ్టుల్నీ క్రాంక్‌కి వ్యతిరేక దిశలో తిరిగేలా పెట్టారు.

1980లలో లండన్ కొరియర్ కుర్రాళ్లు సీఎక్స్ 500ని తెగ వాడారు. పొద్దున్నించి రాత్రి దాకా వానలో నడిపినా మొరాయించదని. ఆ దేశంలో దాని ముద్దుపేరు 'ప్లాస్టిక్ పురుగు'. పేరు పెట్టినవాళ్లే ఏళ్ల తరబడి నడిపారు. 1982లో ఇదే వి-ట్విన్‌కి టర్బో తగిలించి, ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి కూడా అమ్మింది హోండా. దాని గురించి మొదలుపెడితే ఈ సంచిక మొత్తం నాకే కావాలి.

ఇక అసలు విషయం. వాటర్ పంపు క్యామ్‌షాఫ్ట్ వెనక కొసన ఉందన్నాను. అంటే ఆ షాఫ్ట్ ఒక గోడ దాటాలి. గోడకి ఇవతల ఇంజిన్ ఆయిల్, అవతల కూలెంట్. తిరిగే షాఫ్ట్ చుట్టూ సందు లేకుండా మూసేస్తే అది తిరగదు. సందు వదిలితే నీళ్లు వస్తాయి. అందుకని మెకానికల్ సీల్ అని ఒకటి పెడతారు. రెండు నున్నటి బిళ్లలు. ఒకటి తిరుగుతుంది, ఒకటి కదలదు, స్ప్రింగు ఆ రెంటినీ కలిపి నొక్కి ఉంచుతుంది. ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ ఉండే వస్తువు ఎప్పటికైనా అరగాల్సిందే. అరిగిన రోజు కూలెంట్ ఆయిల్‌లోకి దిగిందంటే ఆయిల్ మన హాస్టల్ కాఫీ రంగుకి వస్తుంది, బేరింగులు పోతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు, బండి మామూలుగానే నడుస్తూ ఉంటుంది.

అందుకే ఆ నీళ్ల సీలుకీ, ఇటువైపు ఆయిల్ సీలుకీ మధ్య కొంచెం ఖాళీ వదిలారు. ఆ ఖాళీలోంచి ఇంజిన్ కిందికి ఒక సన్నటి దారి తొలిచారు. సీలు అరిగితే కూలెంట్ లోపలికి పోకుండా ఆ దారిన కిందికొచ్చి, వెనకాల చిన్న రంధ్రంలోంచి చుక్కచుక్కగా నేల మీద పడుతుంది. దాన్ని ఇంగ్లిష్‌లో వీప్ హోల్ అంటారు, ఏడ్చే రంధ్రం. అది పని చేసేది ఏదో ఒకటి చెడినప్పుడే. ఎక్సెప్షన్ వస్తే పట్టుకుని, 'పాస్' అని రాసి, ఎవరికీ చెప్పకుండా వదిలేసే కోడ్ మనందరం రాశాం. దానికి పూర్తిగా ఎదురు ఇది.

అక్టోబర్‌లో మామయ్య బండి కింద పచ్చటి చుక్కలు పడ్డాయి. నలభై నాలుగేళ్ల బండి, సీలు అరగడంలో వింత లేదు. "చలికాలంలో చూద్దాంలే" అని కూలెంట్ పోసుకుంటూ నడిపాడు.

నవంబర్ 18, మంగళవారం, రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. గరాజ్‌లో ఉన్నాడు, వెనక బండి కనిపిస్తోంది. నాకు రాత్రి పదిన్నర అంటే కొలంబస్‌లో మధ్యాహ్నం పన్నెండు.

"ఏం మామయ్యా, లీవా?"

"ఊఁ. లీవే."

"ఎన్నాళ్లు?"

కాసేపు ఊరుకుని, "అరవై రోజులు" అన్నాడు.

మనలో సగం మంది ఇళ్లలో ఈ అంకె అర్థమవుతుంది. అర్థం కానివాళ్ల కోసం: హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే అక్కడ ఉండటానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు ఇస్తారు. ఈలోపు ఇంకో కంపెనీ తీసుకుని వాళ్ల కాగితాలు దాఖలు చెయ్యాలి, లేదా వేరే ఏదైనా దారి చూసుకోవాలి. లేకపోతే సర్దుకుని రావాలి. ఆ రోజు పొద్దున్న పది నిమిషాల మీటింగ్ అయ్యిందట. మీటింగ్ అయ్యేసరికి లాప్‌టాప్‌లో లాగిన్ పోయిందట. పదకొండేళ్లు అక్కడ కోడ్ రాశాడు. నేను సీఎస్‌ఈ తీసుకోవడానికి కారణం కూడా ఆయనే. కౌన్సెలింగ్ రోజు మెకానికల్ పెడదామని నేనూ, వద్దని ఇంటిల్లిపాదీ వాదించుకుంటుంటే, "నా మాట విను బుజ్జీ, కంప్యూటర్స్ చేస్తే ఎక్కడున్నా బతకొచ్చు" అని తేల్చేశాడు.

"అమ్మమ్మకి చెప్పకు. మీ అమ్మకి కూడా వద్దు, దాని కడుపులో మాట ఆగదు" అన్నాడు. అమ్మమ్మకి రెండేళ్ల క్రితం గుండెకి బైపాస్ అయింది. తెనాలిలో ఒక్కతే ఉంటుంది.

రెండు రోజులాగి మళ్లీ ఫోన్. "బుజ్జీ, ఇంజిన్ దింపుతున్నా. నా చేతులు జిడ్డు, మాన్యువల్ నువ్వు చదివి చెప్తూ ఉండు."

"ఇప్పుడా?"

"పగలంతా అప్లికేషన్లు పెడతా. రాత్రికి చేతులకేదో పని ఉండాలి కదే. అయినా, కారే బండిని ఎవడు కొంటాడు?"

అమ్మడానికన్నమాట.

అలా మొదలైంది. ఆయనకి రాత్రి తొమ్మిది, నాకు పొద్దున్న ఏడున్నర. టిఫిన్ ప్లేటు ఒక పక్క, పీడీఎఫ్ ఒక పక్క. ఈ సీలు మార్చాలంటే వెనక కవర్ తియ్యాలి, ఆ కవర్ తియ్యాలంటే ఇంజిన్ మొత్తం ఫ్రేములోంచి బయటికి రావాలి. ఆయిల్, కూలెంట్ తీసెయ్యడం, ట్యాంకు, రేడియేటర్, సైలెన్సర్లు, కార్బురేటర్లు ఊడదీయడం, వైర్లు విప్పడం, కింద జాకీ పెట్టి ఇంజిన్ బరువు దాని మీదకి తేవడం, బోల్టులు తీసి ముందుకి లాగి షాఫ్ట్ నుంచి విడదీయడం. తీసిన ప్రతి బోల్టుకీ అత్తయ్య జిప్ కవర్ ఇచ్చి పేరు రాయించింది. ఆరేళ్ల మా బుడ్డోడు టార్చ్ పట్టుకున్నాడు, ముప్పావు వంతు టైము వాడి మొహం మీదకే. తొమ్మిదో రోజుకి ఇంజిన్ కిందికి దిగింది.

ఆ వెనక కవర్ దగ్గరే ఇంకో రెండున్నాయి. క్యామ్‌ని తిప్పే చెయిన్, బ్యాటరీకి కరెంటు తయారుచేసే స్టేటర్. మూడింటిలో దేన్ని ముట్టుకోవాలన్నా ఇంజిన్ దింపాల్సిందే కాబట్టి, దింపిన పాపానికి మూడూ ఒకేసారి మార్చేస్తారు. ఈ బండ్ల వాళ్లు ఆ పనికి పెట్టుకున్న పేరు ట్రిపుల్ బైపాస్. ఆ మాట చదివి నేను నవ్వాను. మామయ్య నవ్వలేదు. "అమ్మ మందులు టైముకి వేసుకుంటోందా?" అని అడిగాడు.

సీలు ఖరీదు పెద్దది కాదు. స్టేటర్ అలా కాదు. మల్టీమీటర్ పెట్టి చూశాం: మూడు పసుపు వైర్ల మధ్య రెసిస్టెన్స్ సమానంగా ఉంది, బాడీకి ఎక్కడా షార్ట్ లేదు. చెయిన్ కూడా ఇంకా బిగువుగానే ఉంది. మా రూమ్మేట్‌ని అడిగితే, "అంత దూరం విప్పాక పాత స్టేటర్ వదిలేస్తారా ఎవరైనా, మార్చెయ్యమను" అంది. నేను అదే చెప్పా.

"డబ్బు చూసుకోవాలిగా" అన్నాడు మామయ్య.

"రెండేళ్లకి అది పోతే మళ్లీ ఇంజిన్ దింపాలి."

"అప్పటికి నేనిక్కడ ఉంటే కదా."

ఆ పొద్దున్న నేను డీబీఎంఎస్ క్లాసుకి వెళ్లాను గానీ ఏం చెప్పారో వినలేదు. మామయ్యకి కోపం రాలేదు, కళ్లనీళ్లు రాలేదు. రేపు పాలు తేవాలి అన్నట్టు అన్నాడు. మాన్యువల్‌లో ప్రతి బోల్టుకీ ఎంత బిగించాలో అంకె ఉంటుంది. ఈ మాటకి ఏం జవాబు చెప్పాలో నాకు దొరకలేదు.

కొత్త సీలు వచ్చింది. దాన్ని వంకర పోకుండా, బిళ్ల ముఖానికి వేలు తగలకుండా, సరిపడా సాకెట్‌తో తిన్నగా నొక్కి కూర్చోబెట్టాలి. ఆయన నొక్కుతుంటే నేను ఊపిరి బిగబట్టా, ఎనిమిది వేల మైళ్ల అవతల. కూర్చున్నాక బుడ్డోడు ఆ కింది రంధ్రం ఏంటని అడిగితే మామయ్య ఓపిగ్గా చెప్పాడు. లోపల దెబ్బ తగిలితే బయటికి తెలియాలి నాన్నా, అందుకని పెట్టారు అని. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న అత్తయ్య, "ఇంజిన్‌కైనా ఒక కన్నం పెట్టారు. మీకు అదీ లేదు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఫోన్‌లో చాలాసేపు గరాజ్ హీటర్ చప్పుడే వినపడింది.

ముప్పై మూడో రోజు ఆదివారం. మామయ్య తెనాలికి ఫోన్ చేసి చెప్పేశాడు. నన్నూ అమ్మనీ కూడా కాల్‌లో ఉంచాడు. అమ్మ వెంటనే ఏడుపు మొదలెట్టింది. అమ్మమ్మ ఏడవలేదు. "నెల్లాళ్లుగా నీ గొంతు తేడాగా ఉంటే చలికి జలుబు చేసిందనుకున్నారా" అంది. తరవాత, "బుజ్జికి తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాడు. "ఎట్టా తిరిగారే మీ ఇద్దరూ ఇది కడుపులో పెట్టుకుని" అని నన్ను పట్టుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే చేసి, ఇంజిన్ బిగించాడా లేదా అని అడిగింది. ఆ తరవాత నుంచి రోజూ మామయ్యకి ఫోన్ చేస్తోంది. ఆయన ఇంటర్వ్యూల లిస్టు ఇప్పుడు అమ్మమ్మకి నోటికొచ్చు. కంపెనీల పేర్లు మాత్రం ఆవిడ పలికినట్టు అమెరికాలో ఎవరూ పలకరు.

జనవరి ఒకటిన ఇంజిన్ స్టార్ట్ చేశారు. మొదట రెండుసార్లు ఊరికే తిరిగింది, మూడోసారి అందుకుంది. రెండు పేలుళ్ల మధ్య దూరం సమానంగా ఉండదు దీనికి. ఒకసారి క్రాంక్ 280 డిగ్రీలు తిరిగాక, ఇంకోసారి 440 తిరిగాక. అందుకే ఆ శబ్దంలో చిన్న తడబాటు ఉంటుంది, డప్పు కొట్టేవాడు ఒక దెబ్బ ముందు, ఒక దెబ్బ ఆలస్యంగా వేసినట్టు. ఫోన్ మైకులోంచి అది సగం కూడా వినపడలేదని నాకు తెలుసు. అయినా హాస్టల్లో స్పీకర్ పెట్టి మా రూమ్మేట్‌ని నిద్రలేపి వినిపించా. అది దుప్పటి ముసుగులోంచి, "స్టేటర్ మార్చారా?" అంది.

ఇది రాస్తున్నది యాభై ఒకటో రోజు. అరవై అయ్యేసరికి సంక్రాంతి వెళ్లిపోతుంది. ఇండియానాపోలిస్‌లో ఒక కంపెనీ మూడు రౌండ్లు చేసి ఈ వారం చెప్తామంది. హైదరాబాద్‌లో ఒకటి వచ్చెయ్యమంటోంది, జీతం బాగానే ఉంది, కానీ బుడ్డోడి స్కూలు, అత్తయ్య చదువు మధ్యలో ఉన్నాయి. బండి ఇంకా అమ్మకానికి పెట్టలేదు. ఇలా రాసుకుంటున్నా అని అడిగితే, "రాసుకో, నా పేరు వెయ్యకు, బండి పేరు వెయ్యి" అన్నాడు.

ఇవాళ పొద్దున్న కాల్‌లో ఇంజిన్ కింద పరిచిన అట్టముక్క చూపించాడు. మధ్యలో ఒక్క పచ్చ చుక్క, రూపాయి బిళ్లంత. నా గుండె జారింది. "కొత్త సీలు కదా, బిళ్లలు రెండూ ఒకదానికొకటి అలవాటు పడేదాకా ఒకట్రెండు చుక్కలు వస్తాయి" అన్నాడు. ఆ అట్ట తీసేసి కొత్తది పరిచి, మూల మీద పెన్నుతో తారీఖు వేశాడు. రేపు చూసి చెప్తానన్నాడు.